మనిషి ముఖం పెట్టిన రోబో జంకు పుట్టించకుండా ఉండాలంటే

కాలేజీ ప్రాజెక్టుకో, ఆసుపత్రి రిసెప్షన్‌కో, మ్యూజియంలో వచ్చినవాళ్లను పలకరించడానికో మాట్లాడే రోబో తల చేసేవాళ్ల కోసం ఈ గైడ్. ముఖం ఎంత మనిషిలా ఉంటే, చూపు, కదలిక, గొంతు, జవాబు కూడా అంత మనిషిలా ఉంటాయని ఎదుటివాళ్లు అనుకుంటారు. ఆ అంచనా తప్పిన క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది. అందుకని ముఖాన్ని వీలైనంత అందంగా, సహజంగా చేయడంతో పని మొదలుపెట్టకూడదు. మీ మోటార్లు, మీ ప్రోగ్రాం ఎంతవరకు నిలబెట్టగలవో చూసుకుని, ముఖాన్ని అక్కడే ఆపాలి. కింద చెప్పే కొలతలన్నీ ఈ లెక్కలోంచి వచ్చినవే.

జంకు ఎక్కడ పుడుతుంది

1970లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ మసాహిరో మోరి ‘ఎనర్జీ’ అనే జపాన్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. రోబో మనిషి రూపానికి దగ్గరవుతున్న కొద్దీ మనకు దాని మీద ఇష్టం పెరుగుతుందని, దాదాపు మనిషే అనిపించే చోట ఆ ఇష్టం ఒక్కసారిగా లోయలోకి పడిపోతుందని, అచ్చం మనిషే అయినప్పుడు మళ్లీ పైకి లేస్తుందని గీత గీసి చూపించారు. దీన్నే ఇంజనీర్లు అన్‌క్యానీ వ్యాలీ అంటారు. వస్తువు కదిలితే లోయ ఇంకా లోతవుతుందని కూడా ఆయన అప్పుడే చెప్పారు. అదే ఏడాది ఒసాకా ఎక్స్‌పోలో పెట్టిన ఒక రోబో ముఖంలో 29 జతల కృత్రిమ కండరాలు ఉండేవి. దాని నవ్వు వేగాన్ని సగానికి తగ్గిస్తే సంతోషం పోయి ముఖం భయపెట్టేలా తయారయ్యేదని ఆ రోబో రూపకర్త చెప్పినట్టు మోరి రాశారు. చర్మం అదే, కండరాలు అవే, మారింది వేగం ఒక్కటే. రోబో తల చేసే ప్రతి జట్టూ గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ ఇది.

మోరి గీత ఆయన పరిశీలన నుంచి వచ్చింది, కొలిచి గీసింది కాదు. కొలతలు తర్వాత వచ్చాయి. 2012లో పరిశోధకురాలు ఐషే పినార్ సైగిన్ బృందం ఒసాకా యూనివర్సిటీ రోబో రెప్లీ క్యూ2తో ఒక ప్రయోగం చేసింది. ఒకే రకం కదలికలను మూడు రూపాల్లో వీడియో తీశారు: మనిషి, చర్మం తొడిగిన రోబో, చర్మం తీసేసి లోహమూ తీగలూ బయటపడ్డ అదే రోబో. వీడియోలు చూస్తున్నవాళ్ల మెదడును స్కాన్ చేస్తే, చర్మం తొడిగిన రోబో దగ్గరే స్పందన బాగా వేరుగా వచ్చింది. లోహపు రూపానికి యంత్రపు కదలిక సరిపోయింది, మనిషి రూపానికి మనిషి కదలిక సరిపోయింది. మధ్యలో ఉన్నదానికే పొంతన కుదరలేదు. పరిశోధకులు సెయామా, నాగయామా 2007లో ముఖ చిత్రాలతో చేసిన పని కూడా ఇలాంటి ఫలితమే ఇచ్చింది: నిజంగా కనిపించే ముఖానికి మామూలుకు మించి పెద్ద కళ్లు పెడితే వెగటు బాగా పెరిగింది. గొంతుకూ ఇదే వర్తిస్తుందని 2011లో తేలింది. రోబోకి మనిషి గొంతు పెట్టినా, మనిషికి యంత్రపు గొంతు పెట్టినా చూసేవాళ్లకు ఎబ్బెట్టుగానే అనిపించింది.

ఇది సినిమాలు నేర్పిన భయం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 2009లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో కోతులకు కంప్యూటర్‌లో చేసిన కోతి ముఖాలు చూపిస్తే, అవి కూడా దాదాపు నిజంలా ఉన్న ముఖాల వైపే తక్కువసేపు చూశాయి. ప్రచారం చేసి, అలవాటు చేసి పోగొట్టేద్దాం అనుకోవద్దు. రూపకల్పనలోనే సరిచేయాలి.

ముందుగా ఎంత మనిషో తేల్చుకోండి

డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద ఆరు వరుసలు రాయండి: ఆకారం, చర్మం, కళ్లు, కదలిక, గొంతు, సంభాషణ. ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మీరు నిజంగా చేయగలిగేది ఎంతో వేయండి. ఆకారానికీ చర్మానికీ వేసిన అంకె, మిగతా నాలుగింటిలో అతి తక్కువదాన్ని మించకూడదు. ఇది శాస్త్రీయ కొలమానం కాదు, జట్టులో వాదనలు తెంచడానికి పనికొచ్చే పద్ధతి. కదలిక 2, సంభాషణ 2 అని ఒప్పుకున్న జట్టు సిలికాన్ చర్మం, విగ్గు కొనడం మానుకుంటుంది. ఖర్చు చాలావరకు అక్కడే మిగులుతుంది.

మన కొండపల్లి బొమ్మ కళ్లు ముఖానికి మించి పెద్దవి, రంగు మనిషి రంగు కాదు, అయినా ఎవరూ జంకరు. దానిలో ఏ భాగమూ మిగతావాటికంటే ఎక్కువ మనిషి కాదు. రోబోల్లో కూడా ఈ దారి పట్టినవి ఉన్నాయి. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ వ్యాపారవేత్తల సదస్సులో ప్రధానిని, ఇవాంకా ట్రంప్‌ను పలకరించిన బెంగళూరు రోబో మిత్రకు చర్మమూ లేదు, జుట్టూ లేదు. తెల్లని ఒంటితో చక్రాల మీద తిరిగింది. జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ రోబో పెప్పర్ ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లే, అంటే చిన్నపిల్లల ఎత్తు. బ్రిటన్‌లో చేసిన అమెకా అనే రోబో ముఖ కవళికలు చాలా సూక్ష్మంగా ఉంటాయి, కానీ దాని చర్మాన్ని కావాలనే బూడిద రంగులో ఉంచారు. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ ఐటీ కాంగ్రెస్‌లో మాట్లాడిన సోఫియాకు ముఖం మనిషిదే అయినా, తల వెనక భాగం పారదర్శకంగా వదిలేసి లోపలి భాగాలు కనిపించనిచ్చారు. అలా వదలడం లోపం కాదు. ‘నేను యంత్రాన్ని’ అని ముందే చెప్పేసి ఎదుటివాళ్ల అంచనాను దించుతుంది.

రెండో వైపు ఒసాకా యూనివర్సిటీ ప్రొఫెసర్ హిరోషి ఇషిగురో చేసిన రోబోలు ఉన్నాయి. 2006 నాటి జెమినాయిడ్ ఆయన పోలికలతోనే ఉంటుంది. రెప్లీ క్యూ2లో 42 చలన భాగాలు, తర్వాత వచ్చిన జెమినాయిడ్ ఎఫ్‌లో 12. సంఖ్య తగ్గినా జెమినాయిడ్‌లు నిలబడటానికి కారణం, వెనక కూర్చున్న మనిషి దూరం నుంచి వాటిని మాట్లాడించడమే. వెనక మనిషి లేకుండా, పది సర్వోలతో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు), అచ్చం మనిషి చర్మంతో తల చేయడమంటే లోయ అడుగున ఇల్లు కట్టుకోవడమే. మోరి కూడా రూపకర్తలకు లోయ దాటాక వచ్చే రెండో శిఖరం మీద ఆశపడకుండా, లోయకు ముందున్న మొదటి శిఖరం దగ్గరే ఆగమని సలహా ఇచ్చారు. మేమూ అదే చెబుతాం.

కళ్లు: సమయంలో సగం వీటికే పెట్టండి

పది సర్వోల తలకు పంపకం ఇలా ఉంటే బాగుంటుంది: కళ్ల పక్క కదలికకు రెండు (ఒక్కో కంటికి ఒకటి), పైకీ కిందికీ ఒకటి, పై రెప్పలకు రెండు, దవడకు ఒకటి, పెదవి కొనలకు రెండు, మెడకు రెండు. రెండు కళ్లనూ ఒకే కడ్డీతో కలిపి ఒక సర్వో మిగుల్చుకోవాలనిపిస్తుంది. కార్టూన్ ముఖానికి అది చాలు. మనిషి ముఖానికి చాలదు. మన రెండు కనుపాపల మధ్య దూరం సుమారు 63 మిల్లీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మనిషిని చూడాలంటే ఒక్కో కన్ను 3 డిగ్రీలు లోపలికి తిరగాలి, 1.5 మీటర్ల దూరమైతే 1.2 డిగ్రీలు. కళ్లు సమాంతరంగా బిగించి ఉంటే రోబో చూపు ఎదుటి మనిషిని దాటి వెనకెక్కడో ఆగుతుంది. ‘నన్ను చూస్తోంది, కానీ నన్ను కాదు’ అన్న భావన అక్కడ పుడుతుంది.

కంటిగుడ్డు వ్యాసం 24 మిల్లీమీటర్లు, నల్లగుడ్డు వ్యాసం సుమారు 12. ముఖం మనిషి సైజులో ఉంటే ఈ కొలతలు మార్చకండి. తెల్లగుడ్డుకు కాగితం తెలుపు వేయవద్దు. కొంచెం పసుపు కలిసిన తెలుపు, మూలల్లో పలుచటి ఎరుపు కావాలి. పైన పారదర్శక రెసిన్ పొర ఉంటేనే తడి మెరుపు వస్తుంది. ఆ మెరుపు రెండు కళ్లలో ఒకే చోట పడేలా దీపం పెట్టండి. ఒక కంట్లోనే మెరుపుంటే రెండోది గాజు కన్నులా కనిపిస్తుంది.

ఇప్పుడు కొలతలో పొరపాటు ఎక్కడ వస్తుందో చూద్దాం. సర్వోలకు ఆదేశాలు పంపే పీసీఏ9685 బోర్డు 50 హెర్ట్జ్‌లో 20 మిల్లీసెకన్లను 4096 భాగాలు చేస్తుంది, ఒక్కో భాగం సుమారు 4.9 మైక్రోసెకన్లు. సర్వో 500 నుంచి 2400 మైక్రోసెకన్లలో 180 డిగ్రీలు తిరిగితే, ఒక మెట్టు దాదాపు అర డిగ్రీ. అది పర్వాలేదు. అసలు ఇబ్బంది చవక సర్వో పళ్ల మధ్య వదులు. రెండు డిగ్రీల వదులు చాలు, మెల్లకన్ను వచ్చేస్తుంది. చవక ఎస్‌జీ90 సర్వో బదులు లోహపు పళ్లున్న ఎంజీ90ఎస్ వాడండి, లింకు కడ్డీ పొడవులను సర్దుకుని సర్వో రెండు డిగ్రీలు తిరిగితే కన్ను ఒక డిగ్రీ తిరిగేలా చేయండి, వదులు కూడా సగమవుతుంది. కంటికి వెనక చిన్న స్ప్రింగ్ పెట్టి ఎప్పుడూ ఒకవైపు లాగుతూ ఉంచితే మిగతాది కూడా పోతుంది.

వేగం విషయంలో దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. అన్ని కదలికలనూ మెత్తగా, నిదానంగా చేసేస్తారు. మనిషి కన్ను మెత్తగా జరగదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతుంది. చిన్న దూకుడు 30 నుంచి 80 మిల్లీసెకన్లలో అయిపోతుంది. కాబట్టి కళ్లకు సర్వో పూర్తి వేగం ఇవ్వండి, దూకాక ఆపండి. మెత్తదనం కావాల్సింది మెడకు. మెడ కదలికకు ఈ సూత్రం వాడండి: గడిచిన సమయం భాగాన్ని 0 నుంచి 1 దాకా ‘టి’ అనుకుంటే, స్థానం = 10 × టి³ − 15 × టి⁴ + 6 × టి⁵. పావు సమయానికి పది శాతం దూరం, సగానికి సగం, ముప్పావుకి తొంభై శాతం వస్తుంది. పరిశోధకులు ఫ్లాష్, హోగన్ 1985లో మనిషి చేతి కదలికకు ఇచ్చిన గీత ఇది, మెడకు చక్కగా నప్పుతుంది.

క్రమం కూడా ముఖ్యం. పక్కన 30 డిగ్రీల దూరంలో ఎవరైనా వస్తే ముందు కళ్లు దూకాలి. ఆ తర్వాత మెడ తిరగడం మొదలవ్వాలి. మెడ తిరుగుతున్నంతసేపూ కళ్లు అదే మోతాదులో వెనక్కి జరుగుతూ లక్ష్యం మీదే నిలవాలి. తలా కళ్లూ కలిసి ఒకే ముక్కలా తిరిగితే కాపలా కెమెరా తిరిగినట్టు ఉంటుంది. ఇరవై డిగ్రీల లోపు మార్పులకు కళ్లు చాలు, తల తిప్పక్కర్లేదు.

కెమెరా ఎక్కడ పెట్టారో మర్చిపోవద్దు. కెమెరా ఛాతీ దగ్గర, కళ్లకు 40 సెంటీమీటర్ల కింద ఉండి, కెమెరా చెప్పిన కోణాన్నే కళ్లకు ఇస్తే, మీటరు దూరంలో ఉన్న మనిషి విషయంలో 22 డిగ్రీల తేడా వస్తుంది. రోబో అతని తల పైనుంచి చూస్తుంది. ముఖం సైజును బట్టి దూరం అంచనా వేసి, కోణాన్ని కళ్ల స్థానానికి మార్చి ఇవ్వండి.

ఎంతసేపు చూడాలి? లండన్ సైన్స్ మ్యూజియం సందర్శకులతో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో జనానికి సౌకర్యంగా అనిపించిన చూపు సగటున 3.3 సెకన్లు. మీ ప్రోగ్రాంలో 2.5 నుంచి 4 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా తీసుకుని, తర్వాత సెకను పాటు కొంచెం పక్కకు చూపు మళ్లించండి. ముఖాన్ని గుర్తించే ప్రోగ్రాంను అలాగే వదిలేస్తే రోబో రెప్ప వాల్చకుండా అవతలి మనిషినే వెంటాడుతుంది. సందర్శకులు తప్పుకుని వెళ్లిపోవడానికి ఇదీ ఒక కారణం.

రెప్పలు: పెద్దవాళ్లు నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తారు. వ్యవధి 2 నుంచి 8 సెకన్ల మధ్య మారుతుండాలి, గడియారంలా 4 సెకన్లకోసారి వేయకూడదు. మూయడం 100 మిల్లీసెకన్లలో, తెరవడం 150 నుంచి 200లో. తల పెద్దగా తిరిగినప్పుడు ఒక రెప్పపాటు కలపండి. వీటన్నిటికంటే ముఖ్యం, చూపు కిందికి దిగినప్పుడు పై రెప్ప కూడా దిగాలి. దిగకపోతే నల్లగుడ్డు పైన తెలుపు బయటపడుతుంది, మనిషి బెదిరిపోయినప్పుడు మాత్రమే అలా కనిపిస్తుంది. చాలా రోబోలు పిచ్చిచూపు చూస్తున్నట్టు ఉండటానికి కారణం ఈ ఒక్క లోపమే. రెప్ప స్థానాన్ని కంటి నిలువు కోణానికి కట్టేస్తే ఒక్క లైను ప్రోగ్రాంతో పోతుంది: కన్ను ఒక డిగ్రీ దిగితే రెప్ప 0.8 నుంచి 1 డిగ్రీ దిగేలా మొదలుపెట్టి, చూసి సరిచేయండి.

నోరు, తెలుగు మాట

శబ్దం ఎంత గట్టిగా ఉంటే దవడ అంత తెరవడం అందరూ మొదట వాడే పద్ధతి. పెదవులు లేని కార్టూన్ నోటికి సరిపోతుంది. మనిషి పెదవులుంటే మాత్రం తెలుగులో వెంటనే దొరికిపోతుంది. ‘మ’ శబ్దంలో బలం ఉంటుంది, కాబట్టి దవడ తెరుచుకుంటుంది. కానీ అక్కడ పెదవులు మూసి ఉండాలి. ‘అమ్మ’ అంటూ నోరు తెరిచే ముఖాన్ని చూసి పిల్లలు వెనక్కి తగ్గుతారు.

రోబో పలకాల్సిన మాటలను ముందే అక్షరాలుగా విడగొట్టి ఆరు నోటి ఆకారాలకు కేటాయించండి:

1. ప, ఫ, బ, భ, మ: పెదవులు పూర్తిగా మూత.
2. వ, ‘ఫోన్’ లాంటి మాటల్లోని ఫ: కింది పెదవి పై పళ్ల దగ్గర.
3. అ, ఆ: దవడ బాగా కిందికి.
4. ఇ, ఈ, ఎ, ఏ: పెదవి కొనలు పక్కకు, దవడ కొంచెం.
5. ఉ, ఊ, ఒ, ఓ: కొనలు లోపలికి, గుండ్రం.
6. త, ద, ట, డ, ల, ళ, ర, స, చ, క, గ మొదలైనవన్నీ: కొంచెం తెరిచి, తర్వాతి అచ్చు వైపు జరుగుతూ.

చివరి గుంపును విడగొట్టే ప్రయత్నం చేయకండి. ట, త మధ్య తేడా నోటి లోపల ఉంటుంది, బయటికి కనబడదు. శ్రమ మొదటి గుంపు మీద పెట్టండి. ‘చెప్పండి’, ‘అబ్బాయి’, ‘అమ్మాయి’ వంటి చోట ఒత్తు ఉంది కాబట్టి మూత ఒంటి అక్షరానికి దాదాపు రెట్టింపు సేపు నిలవాలి. సున్నా విషయంలో కూడా జాగ్రత్త: ‘సాంబారు’, ‘కంప’లో సున్నా పెదవులు మూస్తుంది, ‘పండు’, ‘అంగడి’లో మూయదు, ‘పుస్తకం’ చివర మూస్తుంది. సున్నా తర్వాత ఏ అక్షరం ఉందో చూసే నిబంధన తప్పకుండా రాయండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వాక్యం చివర నోరు టప్పున మూసేయకుండా 200 మిల్లీసెకన్లు తీసుకుని దగ్గరికి రానివ్వండి.

సమయం తేడాకు టీవీ ప్రసారాల ప్రమాణం ఒకటుంది: శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా జనం గుర్తుపడతారు. ముందు రావడమే ఎక్కువ ఎబ్బెట్టు అన్నమాట. సర్వో ఆదేశం అందుకుని కదిలేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి మీ రోబోలో జరిగే తప్పు ఇదే. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి, ‘పా పా పా’ అని పలికించి, స్పీకర్ శబ్దానికీ పెదవి తెరుచుకోవడానికీ మధ్య ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. వచ్చినంత ఆలస్యాన్ని శబ్దానికి కలపండి.

నవ్వులో రెండు పనులుంటాయి, పెదవి కొనలు పైకి వెనక్కి లేవడం, కళ్ల కింద బుగ్గ పొంగి రెప్పలు కొంచెం దగ్గరవడం. కింది రెప్పకు సర్వో లేకపోతే, నవ్వేటప్పుడు పై రెప్పను పది పదిహేను శాతం దించండి. నోరు మాత్రమే నవ్వితే పళ్లు ఇకిలించినట్టుంటుంది. రావడానికి అరసెకను, తగ్గడానికి దానికి రెట్టింపు ఇవ్వండి. పళ్లు పెట్టాలా అంటే, మేమైతే వద్దంటాం.

చర్మం కావాలనే అనుకుంటే

ముఖానికి ఎకోఫ్లెక్స్ 00-30 లాంటి, రెండు భాగాలు కలిపితే గట్టిపడే మెత్తటి ప్లాటినం సిలికాన్ సరిపోతుంది. 20 × 25 సెంటీమీటర్ల ముఖానికి 2.5 మిల్లీమీటర్ల మందం వేస్తే 125 ఘన సెంటీమీటర్లు. వృథాతో కలిపి 200 గ్రాములు చేసుకోండి, ఏ భాగం 100, బీ భాగం 100. రంగు మొత్తం బరువులో 3 శాతం, అంటే 6 గ్రాములు మించకూడదు. 23 డిగ్రీల దగ్గర పని చేసుకోవడానికి 45 నిమిషాలు, గట్టిపడటానికి 4 గంటలు పడుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పోస్తే ఆ 45 నిమిషాలు సగానికి పైగా తగ్గిపోతాయి. రెండు భాగాలనూ ముందురోజు చల్లని గదిలో ఉంచి, ఉదయాన్నే కలపండి.

గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతే కారణం దాదాపు ఎప్పుడూ గట్టిపడటాన్ని అడ్డుకునే పదార్థం తగలడమే: గంధకం ఉన్న మట్టి అచ్చు, లేటెక్స్ చేతి తొడుగులు, సరిగా ఆరని రెసిన్ ప్రింటు. వినైల్ తొడుగులు వాడండి, అచ్చును పీఎల్ఏ ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేయండి, ముందు చిన్న ముక్క పోసి చూడండి. సిలికాన్‌కు మామూలు జిగురులేవీ అంటవు. సర్వో లాగే చోట్ల పోసేటప్పుడే పలుచటి నైలాన్ వల ముక్కను లోపల ఇమిడ్చి, దాని కొసకు దారం కట్టాలి.

శవంలా కనిపించడానికి కారణం ఒకే రంగు. మన చామనఛాయ చర్మంలో కూడా కళ్ల చుట్టూ నలుపు ఎక్కువ, ముక్కు కొన, చెవులు, బుగ్గలు ఎర్రన, పెదవుల అంచు ముదురు. అసలు రంగుకు గోధుమ, పసుపు, కొంచెం ఎరుపు, చుక్క నీలం కలపండి. తెలుపు కలిపితే బూడిద పూసినట్టవుతుంది. పైన టాల్క్ పొడి పలుచగా అద్దితే ప్లాస్టిక్ మెరుపు పోతుంది. మెత్తటి సిలికాన్‌కు దుమ్ము బాగా పట్టుకుంటుంది, రోజూ సబ్బునీళ్లతో తుడవాలి. మురికి పట్టిన మనిషి చర్మం కంటే మురికి పట్టిన తెల్ల ప్లాస్టిక్ నయం, జనం ఎక్కువగా వచ్చే చోట పెట్టేముందు ఈ సంగతి ఆలోచించండి.

గొంతు, సంభాషణ, నమస్కారం

ప్లాస్టిక్ ముఖానికి ఎఫ్ఎం యాంకర్ గొంతు పెట్టవద్దు. కొంచెం యంత్రపు గుర్తు ఉన్న, స్పష్టమైన గొంతు చాలు. పుస్తకాల భాష కూడా అంతే ఎబ్బెట్టు. ‘నేను మీకు ఏ విధముగా సహాయపడగలను’ అనే బదులు ‘చెప్పండి, ఏం కావాలండీ?’ అనిపించండి. పెద్దవాళ్లతో మీరు, అండీ తప్పనిసరి. ఎదురుగా ఉన్నది పిల్లలో పెద్దలో ప్రోగ్రాంకు తెలియకపోతే అందరినీ మీరు అనడమే మంచిది. ‘నాకు బాధేస్తోంది’, ‘మీరంటే ఇష్టం’ లాంటి మాటలు తీసేయండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్రే, వెగ్నర్ 2012లో చూపించినట్టు, యంత్రానికి అనుభూతి ఉందనిపించడం కూడా జంకుకు ఒక కారణం.

మనుషుల సంభాషణలో ఒకరి మాట ముగిశాక ఇంకొకరు అందుకోవడానికి పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లు. మాటను ఇంటర్నెట్‌కు పంపి జవాబు తెప్పించుకునే రోబోకి ఒకటి నుంచి మూడు సెకన్లు పడుతుంది. ఆ ఖాళీలో ముఖం బిగుసుకుపోతే ప్రాణం పోయినట్టుంటుంది. ఎదుటివాళ్ల మాట ఆగిన 300 మిల్లీసెకన్లలోపే చూపు పక్కకు మళ్లాలి, తల చిన్నగా ఊగాలి. సెకను దాటితే ‘ఆఁ, చూస్తున్నానండి’ అని ముందే రికార్డు చేసిన మాట వినిపించండి.

మోరి తన వ్యాసంలో కృత్రిమ చేయి ఉదాహరణ ఇచ్చారు. చూడటానికి నిజం చేయిలా ఉంటుంది, షేక్‌హ్యాండ్ ఇస్తే చల్లగా, మెత్తగా, ఎముక లేనట్టు తగులుతుంది. మన దగ్గర ఈ చిక్కు తప్పించుకోవడం తేలిక, నమస్కారం ఉంది. అయితే రెండు అరచేతులు కచ్చితంగా కలవడం చవక సర్వోలకు కష్టం. రెండు సెంటీమీటర్ల తేడాతో ఒకదాన్నొకటి దాటిపోతే వికారంగా ఉంటుంది. అరచేతుల మధ్య కావాలనే కొంచెం ఖాళీ ఉంచి, తల పది డిగ్రీలు వంచండి. చక్రాల మీద కదిలే రోబో అయితే 1.2 మీటర్ల దూరంలో ఆగాలి. మిగతా దూరం మనిషి ఇష్టం.

కరెంటు వల్ల వచ్చే వణుకు

రోబో ముఖం వణుకుతున్నట్టు అదిరితే చాలామంది ప్రోగ్రాంలో వెతుకుతారు. ముందు కరెంటు చూడండి. చిన్న సర్వో ఇరుక్కున్నప్పుడు 0.7 ఆంపియర్, మెడకు వాడే ఎంజీ996ఆర్ లాంటిది 2.5 ఆంపియర్ దాకా లాగుతాయి. 5 వోల్టుల 10 ఆంపియర్ సప్లై పెట్టండి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి, మెడ సర్వోలకు తీగలు బోర్డు మీదుగా కాకుండా సప్లై నుంచి నేరుగా లాగండి, గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. కిలో బరువున్న తల, మెడ ఇరుసుకు 5 సెంటీమీటర్లు ముందుకు ఉంటే, ఊరికే నిలబెట్టడానికే 5 కిలో-సెంటీమీటర్ల బలం కావాలి. స్ప్రింగ్‌తో ఆ బరువు మోయిస్తే గూయిమనే మోత కూడా తగ్గుతుంది.

ఆపేటప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. కరెంటు తీయగానే దవడ వేలాడి, కళ్లు తెరిచి, తల పక్కకు వాలిపోయిన ముఖం ఎవరికైనా శవాన్ని గుర్తుచేస్తుంది. స్విచ్ నొక్కాక రెండు సెకన్లలో రెప్పలు మూసి, తల 15 డిగ్రీలు దించి, ఆ తర్వాతే రిలే కరెంటు తీసేలా పెట్టండి. దవడకు మూసి ఉంచే స్ప్రింగ్ వేయండి.

ఎవరికి చూపించాలి, ఏం మార్చాలి

వారం రోజులు దాంతో గడిపిన జట్టు తీర్పు పనికిరాదు, కళ్లకు అలవాటైపోయి ఉంటుంది. ఎన్నడూ చూడని ఇరవై మందిని పిలవండి. అందులో అరవై దాటినవాళ్లు, పెద్దల అనుమతితో పిల్లలు ఉండాలి. మొదట ఫొటో, తర్వాత శబ్దం లేకుండా కదలిక, చివరికి శబ్దంతో కదలిక చూపించండి. ప్రతిసారీ మూడు ప్రశ్నలు, 1 నుంచి 5 దాకా: మనిషిలా ఉందా, చూడటానికి బాగుందా, ఎబ్బెట్టుగా ఉందా. మూడోది విడిగా అడగాలి. అందంగా ఉందంటూనే జంకేవాళ్లు ఉంటారు. నేల మీద 20 సెంటీమీటర్లకో టేపు గీత అంటించి, ఎక్కడ ఆగారో రాసుకోండి. మాటల్లో మర్యాదకు బాగుందంటారు, పాదాలు మాత్రం దూరంగా ఆగుతాయి.

ఫొటో దగ్గరే ఎబ్బెట్టు పెరిగితే తప్పు కళ్లలోనో రంగులోనో ఉంది. ఫొటో బాగుండి కదలికలో పెరిగితే రెప్పలు, వేగాలు. శబ్దం కలిశాక పెరిగితే నోటి సమయం, గొంతు. సరిచేయడం తక్కువ ఖర్చు నుంచి మొదలుపెట్టండి: ముందు రెప్పను చూపుకు కట్టండి, చూపు మళ్లించండి, నవ్వు వేగం సరిచేయండి. తగ్గకపోతే పళ్లు, కనుబొమల వెంట్రుకలు, విగ్గు తీసేయండి. ఇంకా తగ్గకపోతే చర్మానికి మనిషి రంగు మానేసి ఒకే బూడిద రంగు వేయండి. అప్పటికీ జనం దూరపు టేపు గీతల దగ్గరే ఆగిపోతుంటే సిలికాన్ తీసేసి తెల్ల ప్లాస్టిక్ ముఖం బిగించండి, లోపలి యంత్రాంగాన్ని మార్చక్కర్లేదు. మార్చిన ప్రతిసారీ పాతవాళ్లను కాకుండా కొత్త ఇరవై మందిని పిలవండి.